కట్ట మీద ఎవరు నిలబడతారు

జగ్గయ్యపేట దగ్గర హైవే మీద ఆగే లారీ డ్రైవర్లలో సగంమంది నన్ను 'క్లాంపుల మేడమ్' అంటారు. నా ముందు అనరు, టీ బడ్డీ దగ్గర చేరి అంటారు. అననివ్వండి, నాకేం నామోషీ లేదు. కాకపోతే ఆ పేరు ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగితే వాళ్ళు చెప్పే కథలో నేనొక గయ్యాళిని, మా ఆయన పాపం నోరులేని మనిషి, మా అత్తగారు దేవత. అందుకని ఆ కథ నేనే చెప్తున్నాను. గయ్యాళినని అనిపిస్తే అనుకోండి, చెప్పటం మాత్రం మాననుగాక మానను.

మాది కమాన్‌కట్టల షాపు. లారీ చక్రాల దగ్గరికి వంగి చూస్తే వంపు తిరిగిన ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కనిపిస్తాయి, వాటినే కమాన్‌కట్టలంటారు. లారీ బరువంతా మోసేవి అవే. ఆ పట్టీలన్నీ ఒకే వంపులో ఉండవు. పొడుగు పట్టీ కాస్త చదునుగా ఉంటుంది, పొట్టివాటికి వంపు ఎక్కువ. వాటిని బలవంతాన అణిచి, మధ్యలో ఒకే ఒక్క బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టు ఉన్నంతసేపే వాటి అణకువ. నట్టు ఊడిందా, ఏళ్ళ తరబడి నోరు మూసుకున్న కోడలు ఒక్కసారి లేచినట్టు లేస్తాయి. ఎటు లేస్తాయో, ఎవరికి తగులుతాయో ఎవరూ చెప్పలేరు.

పట్టీ విరిగితే కట్ట విప్పక తప్పదు. దానికి మా వైపు షెడ్లలో ఒక పద్ధతి ఉంది. కట్టని నేలమీద పెట్టి, ఒక మనిషి దానిమీద రెండు కాళ్ళూ వేసి నిలబడతాడు. ఇంకో మనిషి పక్కన గొంతుక్కూర్చుని నట్టు విప్పుతాడు. నిలబడ్డవాడి ఒంటి బరువే కట్టకి పట్టు. నట్టు చివరి చుట్టుకి రాగానే కూర్చున్నవాడు 'హా' అని కేకేస్తాడు, పైవాడు వెనక్కి దూకుతాడు, కూర్చున్నవాడు పక్కకి ఒరుగుతాడు. పట్టీలు ఠంగున లేచి పడతాయి. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు. ఈ దూకటం చేతనైతేనే మేస్త్రి అన్నట్టు. మా మామగారు ఈ పద్ధతిలోనే పనిచేసి, ఒంటిమీద గీత పడకుండా పెద్దవయసులో మంచం మీద పోయారట. ఆ మాట మా ఇంట్లో నేను విననిరోజు లేదు.

నేను పుట్టింది నందిగామలో. మా నాన్నది ఇనుప సామాన్ల కొట్టు. చిన్నప్పట్నుంచీ మేకులు తూచి, బోల్టుకి నట్టు ఎక్కించి చూసి అమ్మినదాన్ని. పెళ్ళయి జగ్గయ్యపేట వచ్చాక షాపులో కౌంటర్ నాకప్పగించారు, వెనక షెడ్డు మా ఆయనది. కౌంటర్లో కూర్చుంటే షెడ్డు మొత్తం కనిపిస్తుంది. ఆ కనిపించడమే నా ప్రాణానికొచ్చింది.

కొన్నేళ్ళ కిందట నేను చూస్తుండగానే అది జరిగింది. మా షెడ్డులో ఆయనకంటే పెద్దవాడైన పనివాడు ఒకతను ఉన్నాడు. అతను కట్ట మీద నిలబడ్డాడు, మా ఆయన కూర్చుని నట్టు విప్పుతున్నారు. అతని చెప్పుకి గ్రీజు అంటుకుంది. 'హా' అనకముందే కాలు జారింది. కట్ట విచ్చుకుని, పై పట్టీ గిర్రున తిరిగి మా ఆయన ఎడమచేతికి తగిలింది. మోచేతికీ మణికట్టుకీ మధ్య రెండు ఎముకలూ విరిగాయి. ఆ చప్పుడు గురించి రాయను, రాస్తే ఇవాళ నాకు అన్నం సయించదు.

విజయవాడ తీసికెళితే ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. డిశ్చార్జి రోజున డాక్టరుగారు నన్ను పక్కకి పిలవలేదు, మా ఆయన ఎదురుగానే చెప్పారు. "ఇదే చోట ఇంకో దెబ్బ తగిలితే ఈసారి నా చేతుల్లో ఏమీ ఉండదమ్మా. చెయ్యి తియ్యాల్సి రావచ్చు" అన్నారు. మా ఆయన బుద్ధిగా తలూపారు. ఇంటికొచ్చాక ఇంట్లోవాళ్ళూ షెడ్డులోవాళ్ళూ కలిసి ఆలోచించి, దానికి కారణం దిష్టి అని తేల్చారు. షాపు గుమ్మానికి కొత్త నిమ్మకాయ కట్టారు. మా అత్తగారు వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకున్నారు, చెయ్యి అతుక్కున్నాక అందరం వెళ్ళి మొక్కు తీర్చుకుని, కృష్ణలో మునిగి వచ్చాం. మొక్కు సంగతి నేను తప్పుపట్టను. కానీ కట్ట మీద నిలబడటం తప్పని ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పి అనలేదే! నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు నేను నందిగామ వెళ్ళి, మా నాన్నకి తెలిసిన లేత్ షాపులో రెండు క్లాంపులు చేయించాను. పెద్ద ఇనుప కొక్కెంలా ఉంటుంది ఒక్కోటీ, చివర లావుపాటి స్క్రూ. బోల్టుకి అటొకటి ఇటొకటి కట్ట మీద బిగిస్తే, నట్టు ఊడినా పట్టీలు కదలవు. తరవాత స్క్రూ కొంచెం కొంచెంగా వదులు చేస్తూ పోతే కట్టలోని బలమంతా నెమ్మదిగా దిగిపోతుంది. దూకేపనీ లేదు, కేకలూ లేవు. వాటిని ఆర్టీసీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కండక్టరు చూసి, "ఏంటమ్మా ఇవి, ఎవరి మీద యుద్ధానికి?" అన్నాడు. "మా ఆయన మీదికే బాబూ" అన్నాను. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు.

షెడ్డులో వాటికి 'పెళ్ళాం క్లాంపులు' అని పేరుపెట్టారు. పెట్టింది మా ఆయనే. "మా ఆవిడ భయానికి చేయించింది, బిగించకపోతే రాత్రికి అన్నం పెట్టదు" అని డ్రైవర్లకి చెప్పి నవ్వించేవారు. నేను కౌంటర్లో ఉన్నంతసేపూ బిగించేవారు. నేను భోజనానికి ఇంట్లోకెళితే, ఎవడో ఒకడు తొందరపెట్టగానే పాత పద్ధతే. ఇల్లు షాపు వెనకే కాబట్టి ఆ 'హా' కేక వంటింట్లోకి వినబడేది. ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చేదాన్ని. వచ్చేసరికి పని అయిపోయి ఉండేది, ఆయన కుడిచేత్తో చెమట తుడుచుకుంటూ "ఏం కాలేదులేవే, వెళ్ళి తిను" అనేవారు. ఆ మాట వింటే తినబుద్ధేసేది కాదు.

ఇంక అసలు సంగతికి వస్తాను. దసరాల్లో ఆయుధపూజ రోజు. మా వైపు షెడ్లన్నీ ఆ రోజు కడిగి ముగ్గులు పెడతారు. పనిముట్లన్నీ తుడిచి, బల్లమీద దేవుడి పటం ముందు పేర్చి, గంధం కుంకుమ పెట్టి, బంతిపూలు వేస్తారు. పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాడు పొద్దున మళ్ళీ హారతిచ్చేదాకా ముట్టుకోరు. మా అత్తగారు స్పానర్లకీ సుత్తులకీ జాకీకీ వరసగా బొట్లు పెడుతూ వచ్చి, నా క్లాంపులకి కూడా పెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమేసింది. ఇన్నాళ్ళకి వాటిని కూడా పనిముట్లుగా లెక్కేశారు అనుకున్నాను.

పూజ అయింది. గుమ్మడికాయ కొట్టారు. పనివాడు పండక్కని అత్తారింటికి వెళ్ళిపోయాడు. నేను పట్టుచీరలోనే పులిహోర పొట్లాలు కట్టి చుట్టుపక్కల షాపులకి పంచి వచ్చేసరికి, మా షెడ్డు ముందు ఒక లారీ ఆగి ఉంది. కైకలూరు వైపునుంచి హైదరాబాదు పోయే చేపల లారీ. ఐసు నీళ్ళు ధారగా కారుతున్నాయి. మాది ఉల్లిపాయ కూడా పండగపూట ముట్టని ఇల్లు. మా అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

డ్రైవరు కోదాడ వైపు మనిషి, మాకు పాత ఖాతా. ముందు చక్రం దగ్గర కట్టలో పొడుగు పట్టీ విరిగింది. "అన్నా, పండుగని ఒద్దనకే. ఐసు కరిగిపోతుంది. చేపలు పాడైతే మా ఓనరు నా పానం తీస్తడు. జల్ది చేసి పంపరాదే" అని మా ఆయన చేతులు పట్టుకున్నాడు.

"పనిముట్లు పూజలో ఉన్నాయి తమ్ముడూ" అన్నారు మా ఆయన.

"నా తాన జాకీ ఉంది, స్పానర్లున్నయి. మీయి ముట్టుకోకురి. నాయి పెట్టి చెయ్యి."

మా ఆయన మా అత్తగారి వైపు చూశారు. ఆవిడ కాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. "పని చెయ్యకూడదని లేదు. మన పనిముట్లు కదపకూడదంతే. పాపం దార్లో మనిషి, చేసి పంపించు." అని లారీ మీద నాలుగు చుక్కల పసుపునీళ్ళు చల్లి పక్కకి జరిగారు.

నేను కౌంటర్లో కూర్చుని చూస్తున్నాను. లారీ వెనక చక్రాలకి రాళ్ళు పెట్టారు, జాకీ ఎత్తారు. జాకీని నమ్ముకుని కిందికి దూరకుండా చెక్కదిమ్మెలు కూడా పెట్టారు. దిమ్మెలకి ఎవరూ బొట్టు పెట్టలేదు కాబట్టి అవి దొరికాయి. కట్ట ఊడదీసి షెడ్డు మధ్యకి లాక్కొచ్చారు. అప్పుడు మా ఆయన డ్రైవరుతో అన్నారు. "నువ్వు దీనిమీదెక్కి నిలబడు. నేను విప్పుతా. హా అనగానే వెనక్కి దూకు."

డ్రైవరు ఎక్కాడు. కాళ్ళకి రబ్బరు చెప్పులు, చెప్పులనిండా చేపనీళ్ళు.

నేను లేచి వెళ్ళాను. "ఏవండీ, క్లాంపులేవి?"

"పూజలో ఉన్నాయి కదే."

"నేను తీసుకొస్తా."

"వద్దొద్దు. అమ్మ ఊరుకోదు. ఒక్క నిమిషం పని, నువ్వెళ్ళి కూర్చో."

అప్పటికే మా అత్తగారు బల్లకి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. "పూజలోది తీస్తే అరిష్టం అమ్మాయ్. మీ మామగారి కాలంనుంచీ ఈ ఇంట్లో అలాంటి పని ఎవరూ చెయ్యలేదు. నువ్వొచ్చి కొత్త ఆచారాలు పెట్టకు."

"సరే అత్తయ్యా, పెట్టను. కట్ట రేపు హారతయ్యాక విప్పమనండి."

"చేపలు కుళ్ళిపోతాయంటున్నాడుగా పాపం."

"చేపల మీద ఉన్న జాలి కొడుకు చెయ్యి మీద లేదా?"

"నోరు అదుపులో పెట్టుకో!" ఆవిడ ముఖం ఎర్రబడింది. "వాడి చెయ్యి నిలబెట్టింది వేదాద్రి స్వామి. మొక్కు తీర్చుకుని వచ్చాం. ఇంక వాడికేం కాదు."

"స్వామి ఒకసారి నిలబెట్టాడు అత్తయ్యా, దణ్ణం పెడతా. రోజూ వచ్చి మన షెడ్డులో కాపలా కూర్చోమంటే ఆయనకి మాత్రం వేరే పనుండదూ?"

డ్రైవరు కట్ట మీద నిలబడే కిసుక్కుమన్నాడు. మా ఆయనకి అవమానమేసింది. పండగపూట, పరాయి మగాడి ముందు, పెళ్ళాం తల్లితో తగాదా. స్పానరు నేలకేసి కొట్టి, "నీకెన్నిసార్లు చెప్పాలే? ఏం కాదు! ఎన్ని కట్టలు విప్పలేదు ఇట్లా! ఆ ఒక్కరోజు టైము బాగాలేక తగిలింది. నువ్వు లోపలికి పో" అన్నారు.

లోపలికి పో అన్నారు చూడండి, అక్కడ తెగింది నాకు. ఆ చెయ్యి విరిగినప్పుడు రాత్రిళ్ళు ఆ చేతికింద దిండు సర్దింది నేను. అన్నం కలిపి పెట్టింది నేను. స్నానం చేయించింది నేను. ఆ చెయ్యి ఆయన ఒక్కడిదేనా?

"బాబూ, నువ్వు దిగు" అన్నాను డ్రైవరుతో.

అతను మా ఆయన ముఖం చూశాడు. "నీకే చెప్పేది, దిగు" అన్నాను. దిగాడు. నేను కుచ్చిళ్ళు పైకెత్తి బొడ్లో దోపుకుని, ఉత్త కాళ్ళతో ఎక్కి కట్ట మీద నిలబడ్డాను. ఇనుము చల్లగా, జిడ్డుగా తగిలింది.

"ఏం కాదన్నారుగా. నేను నిలబడతా. విప్పండి."

"పిచ్చెక్కిందా? దిగు."

"దిగను. హా అనండి, దూకుతా. ఒక్క నిమిషం పనేగా."

"దిగవే, అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. మీ నాన్నగారి పద్ధతేగా, సిగ్గెందుకు? విప్పండి."

నాకు భయం వెయ్యలేదని అబద్ధం చెప్పను. చీర అంచు చక్కగా దోపానో లేదో తెలియదు, దూకితే కాళ్ళకి అడ్డం పడుతుందని తెలుసు. అయినా సరే, ఇవాళ ఇది తేలాల్సిందే అనుకున్నాను. కోపంతో నా చెవులు గుయ్యిమంటున్నాయి.

ఆయన పంతానికి గొంతుక్కూర్చున్నారు. స్పానరు నట్టుకి తగిలించారు. కుడిచెయ్యి స్పానరు మీద, ప్లేటు వేసిన ఎడమచెయ్యి కట్ట మీద. తలెత్తి నా వైపు చూడలేదు. ఆయన కళ్ళ ముందున్నవి నా పాదాలు, మట్టెలు, పొద్దున రాసుకున్న పసుపు. స్పానరు మీద వేళ్ళు బిగిశాయి. బిగిశాయంతే, తిరగలేదు. నుదుటిమీద చెమట పట్టి ముక్కు చివరికి వచ్చింది. దాన్ని తుడుచుకోవటానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

"దాన్ని దింపరా ముందు" అన్నారు మా అత్తగారు.

ఆయన తల ఇంకా కిందికి వంచుకున్నారు.

"పోనీ విప్పు. ఏం కాదన్నావుగా?"

స్పానరు నట్టు మీదే ఆగి ఉంది.

"విప్పవేంరా?" ఆవిడ గొంతు మారింది. దగ్గరికి వచ్చి కొడుకు ముఖంలోకి వంగి చూశారు. "ఏమవుతుంది విప్పితే?"

"జారితే..." అన్నారాయన. అని ఆగిపోయారు.

"జారితే?"

"కాళ్ళు పోతాయమ్మా దానికి. తల కూడా... చెప్పలేం."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట నేను వినటం అదే మొదలు. మా అత్తగారు అలాగే వంగి ఉండిపోయారు. తరవాత నడుం పట్టుకుని లేచి, పూజ బల్ల దగ్గరికి వెళ్ళారు. పటానికి ఒక్క నమస్కారం పెట్టారు. నా క్లాంపుల్లో ఒకదాన్ని రెండు చేతులతో ఎత్తారు. అది బరువు, ఆవిడ వయసుకి మొయ్యగలిగేది కాదు. బంతిపూలు రాలిపోతుండగా మోసుకొచ్చి కొడుకు ముందు దభీమని పడేశారు. వెళ్ళి రెండోది కూడా తెచ్చారు.

"ఆ రోజు దిష్టి అన్నావు. టైము బాగాలేదన్నావు. నీ మాట నమ్మి మోకాళ్ళ నొప్పులతో అన్ని మెట్లెక్కి మొక్కు తీర్చానురా! తెలిసే కూర్చుంటున్నావన్నమాట రోజూ. బిగించి చావు!"

చేపల డ్రైవరు నాలుగడుగులు వెనక్కి వేశాడు.

నేను దిగాను. ఆయన క్లాంపులు రెండూ కట్టకి బిగించారు. కుంకుమ వేళ్ళకి అంటుకుంది. నట్టు విప్పారు. బోల్టు ఊడగానే కట్ట లోపల్నుంచి 'ఠప్' మని ఒక చప్పుడొచ్చింది. ఆయన ఎడమచెయ్యి గుండెకి హత్తుకున్నారు, తెలియకుండానే. కట్ట మాత్రం కదల్లేదు. అప్పుడు ఒక్కో క్లాంపు స్క్రూ కొంచెం కొంచెంగా వదులు చేస్తూ పోయారు. ఒకదాన్నొకటి అంటుకుని ఉన్న పట్టీలు మెల్లగా విచ్చుకుంటూ, జానెడు పైకి లేచి ఆగాయి.

డ్రైవరు వంగి చూశాడు. "ఓరి నాయనో, ఇంతనా లేసేది? దీనిమీదనా అన్నా నన్ను ఎక్కమన్నది?" అన్నాడు. మా ఆయన కొత్త పట్టీ అందుకున్నారు.

లారీ వెళ్ళిపోయింది. షెడ్డులో ఐసు నీళ్ళు కడిగించి మళ్ళీ ముగ్గు పెట్టించారు మా అత్తగారు. నాతో మాట్లాడలేదు. ఆ తరవాత రెండురోజులు కూడా మాట్లాడలేదు, అది వేరే సంగతి. ఆయన కుళాయి దగ్గర సబ్బుతో చేతులు రుద్దుకుంటుంటే నేను తువ్వాలు తీసుకెళ్ళాను.

"పరువు తీసావు" అన్నారు.

"తీసా. మళ్ళీ ఎవరైనా కట్ట మీద నిలబడితే మళ్ళీ ఎక్కుతా, మళ్ళీ తీస్తా. ఊరంతా పిలిచి మరీ తీస్తా."

ఆయన తువ్వాలు తీసుకోలేదు. కుళాయి పారుతూనే ఉంది. ఎడమచేతి మీద ఆ పొడుగు కుట్ల గీతని సబ్బు చేత్తో రుద్దుతూ, నా వైపు తిరక్కుండానే అన్నారు. "నువ్వు ఎక్కినప్పుడు నా చెయ్యి ఆడలేదే. ఎంత లాగుదామన్నా రాలేదు. గుండె నోట్లోకి వచ్చేసింది. మళ్ళీ నాకట్లా ఎప్పుడూ చెయ్యకు."

ఆ మాటకి అంతసేపటి కోపం ఏడుపైపోయింది నాకు. కానీ ఏడుస్తూ కూడా వదల్లేదు.

"మీకది ఇవాళ ఒక్క నిమిషమండీ. ఆ కౌంటర్లో కూర్చుని నేను రోజూ అట్లాగే ఉంటున్నా."